రెండు ఖరీదైన విద్యుత్ కార్లు: సరిహద్దు ఇంటి లెక్కలో ఏది మేలు?

కోటిన్నర రూపాయలు పెట్టి కారు కొనే కుటుంబాలు మన సరిహద్దు ఊళ్లలో ఎన్ని ఉంటాయని కొందరు పాఠకులు అడుగవచ్చును. ఎక్కువ లేవు, కాని బొత్తిగా లేకపోలేదు. గంగావతి, సింధనూరు ప్రాంతాల బియ్యపు మిల్లులు, బళ్ళారి గనుల కాంట్రాక్టులు, హోసూరు చుట్టుపట్ల పెరిగిన భూముల ధరలు, విదేశాలలో స్థిరపడిన పిల్లల సంపాదన కొన్ని ఇళ్లకు ఆ స్తోమతను కలిగించినవి. అటువంటి ఇంట పెద్ద కారు ప్రస్తావన వచ్చినప్పుడు ఇప్పుడు విద్యుత్ కారు మాట కూడా వినవస్తున్నది. జర్మనీకి చెందిన రెండు ప్రసిద్ధ సంస్థల సెడాన్‌లు, అనగా మెర్సిడెస్ బెంజ్ వారి ఈక్యూఎస్ 580, బి.ఎం.డబ్ల్యు. వారి ఐ7, ఈ తరగతిలో పోల్చి చూడదగినవి. ఈ రెండింటిలో దేనిని ఎంచుకొనవలెను, ఏ లెక్క మీద ఎంచుకొనవలెను అన్నది ఈ వ్యాస విషయం. పదిహేను లక్షల విద్యుత్ కారు కొనదలచిన కుటుంబానికి కూడా ఇదే లెక్క చాలవరకు పనికివస్తుంది.

రెండు కార్ల స్థూల పరిచయం

ఈక్యూఎస్ 580 మన దేశంలో 2022 సెప్టెంబరు 30న విడుదలైనది. మహారాష్ట్రలో పూణె సమీపాన ఉన్న చాకన్ కర్మాగారంలో దీనిని కూర్చుతారు. జర్మనీ వెలుపల ఈ కారును కూర్చిన మొదటి చోటు అదే. విడుదల నాటి షోరూమ్ ధర 1.55 కోట్ల రూపాయలు. బ్యాటరీ వాడుక సామర్థ్యం 107.8 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో 107.8 యూనిట్లు. మోటార్ల శక్తి సుమారు 523 హార్స్ పవర్. నిలిచిన చోటి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకొనుటకు 4.3 సెకన్లు పడుతుంది.

ఐ7 ఎక్స్‌డ్రైవ్ 60 మన మార్కెట్టుకు 2023 జనవరిలో వచ్చినది. ఇది జర్మనీలోని డింగోల్ఫింగ్ నుండి పూర్తిగా తయారైన రూపంలో దిగుమతి అయినది. విడుదల నాటి ధర 1.95 కోట్లు. బ్యాటరీ 101.7 యూనిట్లు, శక్తి 544 హార్స్ పవర్, 100 కిలోమీటర్ల వేగానికి 4.7 సెకన్లు.

రెండింటి నడుమ నలభై లక్షల తేడాకు ఒక ముఖ్య కారణం ఇక్కడే కనబడుతున్నది. పూర్తిగా తయారై ఓడలో వచ్చే కారు మీద పడే దిగుమతి సుంకం, విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ కూర్చిన కారు మీద పడే దానికన్నా చాలా ఎక్కువ. తరువాతి సంవత్సరాలలో ఈ కార్ల ధరలు, రకాలు మారినవి కాబట్టి పై ధరలను పోలికకు మాత్రమే తీసికొనవలెను. వస్తు సేవా పన్ను విషయంలో రెండూ సమానమే. విద్యుత్ కార్లపై 2019 ఆగస్టు నుండి ఈ పన్ను 5 శాతంగా ఉన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద పెట్రోలు, డీజిలు కార్లపై అది 40 శాతం అయినది. సంపన్న కుటుంబాలు సైతం విద్యుత్ కారు వంక చూచుటకు ఈ తేడా ఒక బలమైన కారణం.

857 అనీ, 625 అనీ చెప్పిన అంకెలు

కారు కొనేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకసారి ఛార్జి చేస్తే ఎంత దూరం పోతుందని. ఈక్యూఎస్ 580కి మన దేశపు ధ్రువీకరణ సంస్థ అయిన ఏ.ఆర్.ఏ.ఐ. లెక్క ప్రకారం 857 కిలోమీటర్లని ప్రచారం జరిగినది. ఐ7కు 591 నుండి 625 కిలోమీటర్లని సంస్థ తెలిపినది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూచినవారు మొదటి కారు 232 కిలోమీటర్లు ఎక్కువ పోతుందని అనుకొంటారు. ఆ నిర్ణయం పొరపాటు.

ఈ రెండు అంకెలు ఒకే తూకపు రాళ్లతో తూచినవి కావు. 857 అనేది భారతీయ పరీక్షా పద్ధతిలో వచ్చిన అంకె. ఆ పరీక్షలో సగటు వేగం తక్కువ, కారు మెల్లగా పరుగెత్తుతుంది. 625 అనేది ఐరోపాలో అనుసరించే డబ్ల్యు.ఎల్.టి.పి. పద్ధతిలోనిది. అందులో వేగం ఎక్కువ, పరీక్ష కఠినం. ఒకరు సేరుతోను, మరొకరు కిలోతోను కొలిచిన ధాన్యాన్ని అంకెలు చూచి పోల్చినట్లే ఇది.

ఒకే కొలతతో చూడదలచినచో అమెరికా పర్యావరణ సంస్థ ఈ.పి.ఏ. ప్రకటించిన అంకెలు ఉన్నవి. ఈ మూడు పద్ధతులలో వాస్తవ ప్రయాణానికి దగ్గరగా ఉండేది సాధారణంగా ఇదే. దాని ప్రకారం 2022 నమూనా ఈక్యూఎస్ 580కి 340 మైళ్లు, అనగా 547 కిలోమీటర్లు. 2023 నమూనా ఐ7 ఎక్స్‌డ్రైవ్ 60కి 19 అంగుళాల చక్రాలతో 318 మైళ్లు, అనగా 512 కిలోమీటర్లు. చక్రాలు పెద్దవైతే ఐ7 అంకె మరికొంత తగ్గుతుంది. 232 కిలోమీటర్లుగా కనిపించిన తేడా ఒకే కొలతలో 35 కిలోమీటర్లకు దిగినది.

ఇక మన దారుల లెక్క చూతము. బ్యాటరీని నిండుగా నింపి బయలుదేరి, 15 శాతం మిగిలి ఉండగా ఆపుదమనుకొంటే ఈక్యూఎస్ సుమారు 465 కిలోమీటర్లు, ఐ7 సుమారు 435 కిలోమీటర్లు పోగలవు. బళ్ళారి నుండి బెంగళూరు రమారమి 310 కిలోమీటర్లు. రెండు కార్లూ మధ్యలో ఆగకుండా చేరతాయి. పోయి తిరిగి వచ్చుటకు 620 కిలోమీటర్లు కావాలి కాబట్టి రెండింటికీ ఒకసారి ఛార్జింగు తప్పదు. బరంపురం నుండి విశాఖపట్నం పోయేవారికీ ఇదే వరుస: పోవుటకు బెంగ లేదు, తిరుగు ప్రయాణానికి ఏర్పాటు కావాలి. కనుక దూరం అనే ఒక్క కారణం మీద ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకొనవలసిన అవసరం మన కుటుంబాలకు దాదాపుగా లేదు.

రాత్రి కారు నిలిచే చోట కరెంటు

షోరూములో వేగవంతమైన ఛార్జింగు గురించి ఎక్కువగా చెబుతారు. ఈక్యూఎస్ గరిష్ఠంగా 200 కిలోవాట్లు, ఐ7 195 కిలోవాట్లు తీసికొనగలవు. 10 శాతం నుండి 80 శాతానికి మొదటిది 31 నిమిషాలలో, రెండవది 34 నిమిషాలలో నిండుతుందని సంస్థలు తెలిపినవి. అయితే ఆ వేగం రావలెనంటే అంత శక్తి ఇచ్చే ఛార్జరు దొరకవలెను. దారిలో 60 కిలోవాట్ల ఛార్జరు మాత్రమే ఉన్నచో రెండు కార్లకూ అదే పని గంటంపావు ప్రాంతం పడుతుంది. ఖరీదైన కారు అయినందున ఛార్జరు ఎక్కువ కరెంటు ఇవ్వదు.

ఊళ్లో ఉండే కుటుంబానికి అంతకన్న ముఖ్యమైనది ఇంటి కనెక్షను. గోడకు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు నుండి సుమారు 3 కిలోవాట్లు వస్తుంది. ఖాళీ అయిన బ్యాటరీని దానితో నింపుటకు ఏ కారుకైనా 34 గంటలు దాటుతుంది. మూడు ఫేజుల కనెక్షను మీద 11 కిలోవాట్ల గోడ ఛార్జరు పెట్టించుకొంటే పది, పదకొండు గంటలలో నిండుతుంది. రాత్రి పెట్టి తెల్లవారి తీయుటకు ఇది సరిపోతుంది.

దినమూ 60 కిలోమీటర్లు మాత్రమే తిరిగే ఇంటికి ఇంత అక్కరలేదు. ఈ కార్లు 100 కిలోమీటర్లకు సుమారు 22 నుండి 24 యూనిట్లు గోడ నుండి లాగుతాయి. 60 కిలోమీటర్లకు 14 యూనిట్లనుకొంటే మామూలు సాకెట్టుతో కూడా అయిదు గంటలలో భర్తీ అవుతుంది. యూనిట్టు ఎనిమిది రూపాయలనుకొంటే 100 కిలోమీటర్ల ఖర్చు 190 రూపాయల ప్రాంతం.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పొలం పంపుసెట్టు కనెక్షను నుండి కారుకు కరెంటు తీయరాదు. ఆ కనెక్షను వ్యవసాయానికి ఇచ్చినది. ఇతర పనులకు వాడితే విద్యుత్ సంస్థ జరిమానా వేయగలదు, పైగా ఆ లైనులో మూడు ఫేజుల కరెంటు దినానికి కొన్ని గంటలే వస్తుంది. రెండవది, ఇంటి కనెక్షను మంజూరు లోడును ముందుగా పెంచుకొనవలెను. ఊరి ట్రాన్స్‌ఫార్మరు అదనపు 11 కిలోవాట్లను మోయగలదో లేదో లైన్‌మన్ ద్వారా, సెక్షను కార్యాలయం ద్వారా తెలిసికొనవలెను. మూడవది, ఎర్తింగు సరిగా ఉండవలెను. ఎర్తింగు చాలనిచోట ఈ కార్లు ఛార్జింగునే నిరాకరించవచ్చును. అడ్వాన్సు చెల్లించుటకు ముందే షోరూమువారి సాంకేతిక నిపుణుని ఇంటికి రప్పించి ఈ పరీక్ష చేయించుకొనుట మేలు. అతడు రాలేనన్నచో రేపు కారు చెడినప్పుడు ఎవరు వస్తారన్న ప్రశ్న ఇప్పుడే అడుగవచ్చును.

కూర్చునేది ఎవరు, నడిపేది ఎవరు

దూరం, ఛార్జింగు దాదాపు సమానమని తేలిన పిమ్మట కార్ల స్వభావంలోని తేడా ముఖ్యమవుతుంది.

ఐ7 పొడవు 5,391 మిల్లీమీటర్లు, ఎత్తు 1,544. ఈక్యూఎస్ పొడవు 5,216, ఎత్తు 1,512. ముందు వెనుక చక్రాల నడుమ దూరం రెండింటికీ దాదాపు ఒకటే: ఐ7కు 3,215, ఈక్యూఎస్‌కు 3,210 మిల్లీమీటర్లు. ఐ7 నిటారుగా ఉండే సంప్రదాయ ఆకారం గలది. వెనుక సీటులో కూర్చునేవారిని దృష్టిలో ఉంచుకొని దానిని రూపొందించినారు. పైకప్పు నుండి దిగే 31.3 అంగుళాల తెర, వాలుగా పరుచుకొనే వెనుక సీటు అందులోని ప్రత్యేకతలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఎక్కి దిగుటకు ఎత్తైన పైకప్పు కొంత అనుకూలం.

ఈక్యూఎస్ గాలిని చీల్చుకొని పోయేట్లు విల్లు వలె వంచిన ఆకారం గలది. గాలి నిరోధకాన్ని తెలిపే అంకె దీనికి 0.20, ఐ7కు 0.24. ఈ అంకె ఎంత తక్కువైతే హైవే మీద అంత కరెంటు ఆదా. అయితే ఆ వంపు వలన వెనుక ద్వారం వద్ద తల వంచి ఎక్కవలసి రావచ్చును. సామానుకు మాత్రం ఇదే మేలు. వెనుక అద్దంతో సహా తలుపు పైకి లేస్తుంది, 610 లీటర్ల చోటు ఉన్నది. ఐ7 డిక్కీ 500 లీటర్లు. పెళ్లికి, తిరుపతి ప్రయాణానికి సామానుతో బయలుదేరే కుటుంబానికి ఈ తేడా తెలియవస్తుంది.

ఊరి దారి సంగతి ఇద్దరికీ ఇబ్బందే. రెండు కార్ల బరువు రెండున్నర టన్నులకు పైమాటే. బ్యాటరీ నేల కింద పరచి ఉంటుంది, చక్రాల నడుమ దూరం మూడు మీటర్లు మించినది. ఇటువంటి కారు ఎత్తైన స్పీడ్ బ్రేకరు మీద మధ్యభాగం తగిలే అవకాశం ఉన్నది. రెండింటిలోనూ గాలి సస్పెన్షను ఉండి, మీట నొక్కితే కారు రెండు సెంటీమీటర్ల పైచిలుకు లేస్తుంది, అంతకుమించి లేవదు. కనుక పరీక్షార్థం నడిపేది నగరపు రింగు రోడ్డు మీద కాదు. కుటుంబసభ్యులందరినీ కూర్చోబెట్టుకొని మీ ఊరి పొలిమేర నుండి ఇంటి వాకిలి వరకు నడిపి చూడవలెను. స్టెప్నీ చక్రం ఉన్నదా, లేక పంక్చరు అతికించే డబ్బా మాత్రమే ఇస్తారా అన్నది కూడా అప్పుడే అడుగవలెను. రాత్రి పది గంటలకు కంకర దారిలో టైరు చీలితే ఆ డబ్బా ఆదుకొనకపోవచ్చు.

సరిహద్దువాసుల అసలు చిక్కు: రిజిస్ట్రేషను

మన కుటుంబాలకు పొరుగు రాష్ట్రంలో వియ్యంకులు, అన్నదమ్ములు, అల్లుళ్లు ఉంటారు. కాబట్టి పన్ను లేనిచోట వారి చిరునామా మీద కారు రిజిస్టరు చేయించుదమన్న ఆలోచన సహజంగా వస్తుంది. ఈ ఆలోచనలోని లాభమెంత, ప్రమాదమెంత అన్నది తెలిసికొనవలెను.

కర్ణాటక చాలాకాలం విద్యుత్ వాహనాలకు పన్ను మినహాయించి, 2024లో చట్టాన్ని సవరించి 25 లక్షల రూపాయలు మించిన విద్యుత్ కార్లపై 10 శాతం జీవితకాల పన్ను విధించినది. 1.55 కోట్ల కారుకు అది 15.5 లక్షలు, 1.95 కోట్ల కారుకు 19.5 లక్షలు. అనగా షోరూములో 40 లక్షలుగా ఉన్న తేడా రిజిస్ట్రేషను నాటికి 44 లక్షలు అవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ద్వారా 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించినది. తమిళనాడు 2023 నాటి విధానంలో 2025 డిసెంబరు 31 వరకు నూరు శాతం మినహాయింపు ప్రకటించినది. మహారాష్ట్ర 2025 మార్చి బడ్జెట్టులో 30 లక్షలు దాటిన విద్యుత్ కార్లపై 6 శాతం పన్ను ప్రతిపాదించి అదే నెలలో ఉపసంహరించుకొన్నది. నియమాలు ఇంత త్వరగా మారుతున్నందున కొనే వారం నాటి ఉత్తర్వును మీ ప్రాంతీయ రవాణా కార్యాలయంలో స్వయంగా చూచుకొనవలెను. షోరూమువారి మాట మీద ఆధారపడరాదు.

రాయచూరు కుటుంబం హైదరాబాదులోని అల్లుని చిరునామా మీద కారు కొన్నదనుకొందము. చట్టం ఏమంటున్నది? 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 40వ సెక్షను ప్రకారం, యజమాని నివసించే చోట గాని, వ్యాపారం చేసే చోట గాని, వాహనం సాధారణంగా ఉంచే ప్రాంతపు అధికారి వద్ద రిజిస్ట్రేషను జరగవలెను. 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరు అయిన వాహనాన్ని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచినచో అక్కడి కొత్త నంబరుకు దరఖాస్తు చేసికొనవలెను. అప్పుడు మొదటి కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం తేవలెను, కొత్త రాష్ట్రపు పన్ను చెల్లించవలెను. అల్లుడు నిజంగా హైదరాబాదులో ఉండి, కారు అతని పేర, అతని వాకిట ఉండేటట్లయితే ఇందులో తప్పేమీ లేదు. కారు ఏడాది పొడుగునా రాయచూరులోనే తిరిగితే, మిగిలిందనుకొన్న పన్ను జరిమానాతో కూడి తిరిగి వస్తుంది. ఇంకొక సంగతి కూడా గమనించవలెను. కారు అల్లుని పేర ఉన్నంతకాలం చట్టరీత్యా అది అల్లునిదే. బీమా సొమ్ము, అమ్మకపు సొమ్ము కూడా అతని పేరనే వస్తాయి. ఇంటి మనస్పర్థలకు ఇంతకన్న చిన్న కారణాలే చాలును.

యానాం పాఠకులకు ఈ విషయం బాగా తెలిసినదే. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో పన్ను తక్కువగా ఉన్నందున బయటివారు అక్కడి చిరునామాలతో ఖరీదైన కార్లను రిజిస్టరు చేయించుకొనుట ఎరిగినదే. కేరళలో 2017లో ఈ విధంగా తప్పుడు చిరునామాలు వాడినారన్న ఆరోపణలపై కేసులు నమోదైనవి, పేరున్నవారు సైతం విచారణకు పోవలసి వచ్చినది. యానాములో నివసించే కుటుంబం పి.వై. 04 నంబరు తీసికొనుట న్యాయం. తాళ్ళరేవులోనో, కాకినాడలోనో ఉంటూ యానాం బంధువు ఇంటి నంబరు వాడుకొనుట ఆ బంధువును సైతం చిక్కులో పెట్టడమే.

న్యాయమైన మార్గం ఒకటి ఉన్నది. 2021లో ప్రారంభమైన బి.హెచ్. వరుస నంబరు రాష్ట్రం మారినా మార్చనక్కరలేదు. రక్షణ శాఖ, ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు, నాలుగు లేక అంతకుమించిన రాష్ట్రాలలో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు దీనికి అర్హులు. పన్నును రెండేళ్లకొకసారి కట్టవచ్చును. 20 లక్షలు మించిన కార్లకు 12 శాతం రేటు ఉండగా, విద్యుత్ వాహనానికి అందులో 2 శాతం తగ్గింపు ఉన్నది. కుమారుడో, కుమార్తెయో అటువంటి ఉద్యోగంలో ఉండి కారు వారి పేర కొనే పక్షంలో ఇది పరిశీలించదగినది.

వారంటీ, మరమ్మతు, తిరిగి అమ్మకం

ఈక్యూఎస్ బ్యాటరీకి మెర్సిడెస్ సంస్థ 10 సంవత్సరాలు లేక 2.5 లక్షల కిలోమీటర్ల హామీ ప్రకటించినది. ఐ7 బ్యాటరీకి బి.ఎం.డబ్ల్యు. హామీ 8 సంవత్సరాలు లేక 1.6 లక్షల కిలోమీటర్లు. కారులో అన్నిటికన్న ఖరీదైన భాగం బ్యాటరీయే కాబట్టి ఎక్కువకాలం ఉంచుకొనే కుటుంబానికి ఈ రెండేళ్ల తేడా విలువైనది. మీరు కొనే కారుకు ఈ హామీ ఏ షరతులతో వర్తిస్తుందో బిల్లుతో పాటు వ్రాతపూర్వకంగా తీసికొనవలెను.

పెద్ద విద్యుత్ కార్ల రెండవచేతి ధర త్వరగా పడిపోతున్నది. ఐరోపా, అమెరికాలలో ఇది స్పష్టంగా కనిపించినది. బ్యాటరీ పరిజ్ఞానం ఏటేటా మారుట ఇందుకు ఒక కారణం. ఈక్యూఎస్‌కే 2024లో ఐరోపా మార్కెట్టులో 118 యూనిట్ల బ్యాటరీ వచ్చినది. కనుక తయారీ సంవత్సరం చూడకుండా తగ్గింపు ధరకు ఆశపడరాదు. అయిదేళ్లకు మంచి ధర వస్తుందన్న ఆశతో కొనేవారికి ఈ రెండు కార్లలో ఏదీ తగదు. ఇదే కారణం చేత బెంగళూరులోనో, హైదరాబాదులోనో రెండవచేతి కారు కొనేవారికి మాత్రం మంచి బేరం దొరకవచ్చును. బ్యాటరీ ఆరోగ్య నివేదిక, నిరభ్యంతర పత్రం, మన రాష్ట్రంలో కట్టవలసిన పన్ను అనే మూడింటినీ ఆ బేరంలో కలిపి చూచుకొనవలెను.

తేల్చుకొనుట ఎలా?

పై లెక్కలన్నీ కలిపి చూచినచో మా అభిప్రాయం ఇది. ఇంటివారే నడుపుకొంటూ, హైవేల మీద ఎక్కువ తిరుగుతూ, కారును పదేళ్లు ఉంచుకొనదలచిన కుటుంబానికి ఈక్యూఎస్ తగును. ధర, పన్ను తక్కువ. సామాను చోటు, బ్యాటరీ హామీ ఎక్కువ. డ్రైవరును పెట్టుకొని పెద్దవారు వెనుక సీటులో ప్రయాణించే ఇంటికి, ఆ సౌఖ్యానికే నలభై నాలుగు లక్షలు అదనంగా వెచ్చించుటకు వెనుకాడని ఇంటికి ఐ7 తగును. ఇంట మూడు ఫేజుల కనెక్షను రాదని తేలినా, సర్వీసు కేంద్రం ఒక్క ఛార్జితో పోయి రాలేనంత దూరంలో ఉన్నా రెండింటినీ ప్రస్తుతానికి వాయిదా వేయుట వివేకం.

నిర్ణయం ఏదైనా అడ్వాన్సు చెక్కు వ్రాయుటకు ముందు మూడు కాగితాలు చేతిలో ఉండవలెను: విద్యుత్ సంస్థ ఇచ్చిన లోడు మంజూరు, కారు నిజంగా ఉండే ఊరి రవాణా కార్యాలయపు పన్ను లెక్క, బ్యాటరీ హామీ పత్రం. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా చెక్కు వ్రాయుటకు తొందరపడరాదు.